మూడో పెట్టె నిండుకుంది

బాగేపల్లి,
28 ఆగస్టు 2025, గురువారం.

చిరంజీవి దర్శన్‌కు మీ పెద్దమ్మ సులోచనమ్మ ఆశీర్వదించి రాసేది.

మేమిక్కడ క్షేమం, నువ్వక్కడ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడం మన ఇంటి పద్ధతి. నువ్వు క్షేమంగానే ఉన్నావని చిక్కబళ్ళాపురం నుంచి వచ్చే ప్రతివాళ్ళూ చెబుతున్నారు. మా క్షేమమే కొంచెం కొరవ పడింది. రెండిళ్ళదీ కలిపి సగం చేసుకుంటే సరిపోతుందేమో. లెక్కలు రాసే ఉద్యోగం నీది, నువ్వే చూసుకో.

ఫోన్ చేస్తే ఎత్తవు. వాట్సాప్‌లో పెడితే నీలం గీతలు పడతాయి, జవాబు మాత్రం రాదు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. కాగితం చదివినా చదివినట్టు ఎవరికీ తెలియదు కదా, నీకు హాయి.

నిన్న చవితి అయింది. కుడుములు చేశాను. ఆవిరి తగ్గకముందే గిన్నె ఖాళీ చేసే మీ పెదనాన్న ఒక్కటి కొరికి ఆకు మడిచేశారు. కొబ్బరి ఎక్కువైందా అంటే, బాగుండాదే, పొద్దున తింటా అన్నారు. పొద్దున పాలమ్మాయికి ఇచ్చేశాను.

వీధి సంగతులు కూడా చెప్పాలి. ఎదురింటి అక్కమ్మ గోడ మీదుగా తొంగిచూసి, బాంబు సామాను మీ పాత అంగట్లోనే దాచిపెట్టుండారంట కదమ్మా, మా పిల్లోళ్ళకేమన్నా అయితాదా అని అడిగింది. ఉండాది, కందిపప్పు డబ్బాలో ఉండాది, పావుకిలో కట్టియ్యమంటావా అన్నాను. ఏడుపు రావలసిన చోట నాకు ఇలాంటి మాటలొస్తాయి, నీకు తెలుసు. పోలీసులు వచ్చి అంగడి మూల మూలా తవ్వి పోయినప్పటి నుంచి మా గడపలోకి ఎవరూ ఊరికే రావడం లేదు. మూసేసిన అంగట్లో వాళ్ళకు దొరికింది ఎలుకలు కొట్టిన గోతాలు, మీ తాతగారి తక్కెడ. తక్కెడ కూడా పట్టుకుపోతారేమోనని భయపడ్డాను, దయ తలిచారు.

సరే, అసలు సంగతికి వస్తాను. వచ్చే గురువారం బెంగళూరులో, కంపెనీల రిపోర్టులు ఉంచాలా తీసేయాలా అని తేల్చే ఆ సమీక్ష కమిటీ ముందు కంపెనీ తరఫున నువ్వే మాట్లాడతావని తెలిసింది. నువ్వు మాట్లాడబోయే దాంట్లో మీ పెదనాన్న పరువు ఉంది. అందుకని నాకు అర్థమైనంత వరకు మొత్తం రాస్తాను. తప్పుంటే దిద్దు. దిద్దడం నీకు బాగా వచ్చు.

మీ కంపెనీలో గొట్టాల అతుకులు బాగున్నాయో లేదో చూసే కెమెరాలు ఉన్నాయి. పాతబడిన వాటిలోంచి కిరణాల మందు తీసి ఎప్పుడో వెనక్కి పంపేశారు. దాని చుట్టూ కాపలాగా ఉండే లోహపు ముద్దలు మాత్రం పెట్టెల్లో పెట్టి తాళం గదిలో ఉంచారు. ఆ లోహం యురేనియమట. సారమంతా తీసేశాక మిగిలిన పిప్పి. మీ పెదనాన్న చెప్పేవారు, చూస్తే కొబ్బరికాయంత, ఎత్తితే నిండు బిందె బరువు అని. పక్కన నిలబడితే మనిషికేమీ కాదుగానీ, తెలియక రాపిడి పెట్టి ఆ పొడి పీలిస్తే విషమట. పైగా పిప్పి అయినా అణు సరుకే కాబట్టి గ్రాముతో సహా లెక్క పైకి పోవాలి. మూడు నెలలకొకసారి స్టోర్ కీపర్, అంటే మీ పెదనాన్న, మూత తీసి చూడాలి, చూసింది చీటీ మీద రాసివ్వాలి, ఆ చీటీ చూసి నువ్వు కంప్యూటర్లో ఎక్కించాలి. అసలైతే నువ్వూ వచ్చి చూసి పక్కన సంతకం చేయాలట. నువ్వు గదిలోకి వెళ్ళావా, కుర్చీలోంచే చేశావా అని నేనడగను.

డిసెంబరులో షెడ్డు శుభ్రం చేసి పాత ఇనుమంతా చింతామణి గుజరీ అంగడికి లారీలో పంపారు. గేటు పాసు మీద సంతకం నీది. జనవరిలో మీ పెదనాన్న మూతలు తీసి చూస్తే మూడో పెట్టెలో ముద్ద కనిపించలేదు. చీటీ మీద ఎప్పటిలాగే తెలుగులో రాసి నీ టేబుల్ మీద పెట్టి వచ్చారు. మూడో పెట్టె నిండుకుంది అని.

నువ్వు కంప్యూటర్లో నిండుగా ఉంది అని ఎక్కించావు.

ఏప్రిల్‌లో మళ్ళీ అదే రాశారు, ఈసారి కింద గీత కూడా గీశారు. మళ్ళీ నిండుగా ఉందనే ఎక్కించావు. నోటితో చెప్పొచ్చు కదా అని నేను ఇప్పుడు తిడుతున్నాను. ఆయన అప్పట్లో, రాసిచ్చినాను కదే, ఆఫీసోళ్ళు ఎతుకుతాండారు, నడిమధ్యలో మనం గలాటా చేయకూడదు అనేవారు. రాసిస్తే చాలు, పని జరుగుతుందని నమ్మే రకం. అలాంటివాణ్ణి చేసుకున్నాను, ఏం చేస్తాను.

మేలో పైనుంచి సమీక్ష కాగితం వచ్చింది. ఈ రిపోర్టులన్నీ అవసరమా, ఒక్కోదానికి ఎన్ని గంటలు పడుతుంది, దీనివల్ల ఎవరికేం లాభం, ఏవి తీసేయొచ్చు చెప్పండి అని. కాగితంలో ఉన్నది గదిలో ఉందో లేదో చూడటానికి జూలైలో మనుషులు వచ్చి మూడో పెట్టె మూత తీశారు. తర్వాత జరిగింది నాకన్నా నీకే బాగా తెలుసు.

విచారణలో నువ్వు చెప్పినమాట నాకు ముగ్గురు చెప్పారు. చీటీలో నిండుకుంది అని ఉంటే నిండుగా ఉందనుకున్నాను సార్, నా తెలుగు అంతంతే, చదివిందంతా కన్నడ, ఇంగ్లీషు, స్టోర్ కీపర్ నన్ను తప్పుదారి పట్టించారు అన్నావట. స్టోర్ కీపర్! పెదనాన్న అనే మాట కూడా కన్నడలోనో ఇంగ్లీషులోనో కలిసిపోయినట్టుంది. తెలుగు రాని హుబ్బళ్ళి వైపు ఆఫీసరు ఒకాయన ఫోన్లో ఆ మాట కొట్టి చూశాడట. ఫోను కూడా నిండింది అనే చెప్పిందట. నీకు సాక్షి దొరికింది.

మీ పెదనాన్న లేచి, మేము అంగడోళ్ళం సార్, సరుకు అయిపోతే మా నోట ఇంకో మాట రాదు, ఇట్లే అంటాము అని చెప్పారట. అణు సరుకుకు కూడా శాస్త్రమా అని ఆఫీసర్లు నవ్వారట. సరుకు మాయం కావడం దాచిపెట్టడానికే రెండర్థాల మాట రాశాడని కాగితంలో ఎక్కించారు. ఉద్యోగం పోయింది, కేసు మిగిలింది.

ఇప్పుడు కంపెనీ ఆ కమిటీకి ఏమని రాసిందో కూడా విన్నాను. చూడండి, ఈ చీటీలు, ఈ రిపోర్టులు ఎంత పనికిమాలినవో, స్టోర్లలో వాళ్ళకు రాయడం రాదు, ఇవన్నీ ఎత్తేయండి, మా లెక్క మేమే చూసుకుంటాం అని. అయ్యో దర్శన్! ఆ గదిలో నిజం చెప్పింది ఆ చీటీ ఒక్కటే కదరా. దాన్నే చూపించి చీటీలు ఎత్తేయమంటారా? జనవరిలోనే నువ్వు ఉన్నది ఉన్నట్టు ఎక్కించి ఉంటే అప్పుడే వెతికేవాళ్ళు. ఇప్పుడు ఆ ముద్ద ఏ అంగడి తలుపుకు అడ్డం పెట్టారో, ఏ పిచ్చివాడు రంపం పెట్టి కోస్తున్నాడో. తప్పు చేసినవాడు దొరికాడు కాబట్టి వస్తువును వెతికే తొందర ఎవరికీ కనబడటం లేదు.

నువ్వు నిజంగానే మరిచిపోయి ఉంటే గుర్తుచేయడం నా పని. అది పుస్తకాల మాట కాదు, వంటింటి మాట. మనం దీపం ఆరిపోయింది అనం, కొండెక్కింది అంటాం. పోతాను అనం, పోయొస్తాను అంటాం. డబ్బాలో బియ్యం అడుగంటితే నిండుకున్నాయి అంటాం. లేదు అనే మాట సరుకు మీద పడితే సరుకు మళ్ళీ ఇంటికి రాదని మీ తాతగారి నమ్మకం. నేనూ ఈ ఇంటికి వచ్చాకే నేర్చుకున్నాను.

నువ్వు ఆరో క్లాసుకు మా ఇంటికొచ్చిన కొత్తలో, పరగోడు ఊరి చౌడమ్మ బెల్లం అడిగితే గల్లాపెట్టె పక్కన కూర్చుని లేదు పో అన్నావు. ఆయన నీ చెవి పట్టుకుని, అట్లనకూడదప్పా, బెల్లం నిండుకుండాది, రేపొస్తాది అనాల అన్నారు. చౌడమ్మే నవ్వి, నేర్చుకుంటాడులేప్పా, నాకేమి తొందర అంది. పీయూసీ అయ్యేదాకా అదే అంగట్లో అదే మాట నీ నోట ఎన్నిసార్లు విన్నానో.

మీ పెదనాన్న మాత్రం నీ మీద మాట పడనివ్వడం లేదు. పదేండ్లు బెంగళూరు హాస్టలు కూడు తిన్నాడు, ఆఫీసులో ఇంగ్లీషు, ఇంట్లో పెండ్లాం శృతితో కన్నడ, బిడ్డ మరిచిపోయినాడు, నేనే కన్నడలో రాసుంటే సరిపోయేది అంటున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. కానీ ఆయన అలా నమ్ముతున్నారు కాబట్టి నేనూ నమ్ముతున్నాను. నమ్మకపోతే ఈ ఉత్తరం ఎందుకు రాస్తాను?

ఆయనకు నువ్వేమిటో నీకు తెలుసు. మాకు పిల్లలు కలగలేదు. కొత్తవాళ్ళెవరైనా పిల్లలెంతమంది అంటే ఆయన నోట లేరు అనే మాట రాక, మా దర్శన్ ఉండాడు అనేవారు. తమ్ముడి కొడుకని నేను వెనకనుంచి సర్దిచెప్పేదాన్ని. కంపెనీలో చేరేటప్పుడు పిల్లలు అన్న గడిలో కూడా నీ పేరే చెప్పారు. అలా రాయకూడదని క్లర్కు అంటే, రాసుకోప్పా, నీ సిరా ఏమన్నా తగ్గిపోతాదా అన్నారట.

నీ బిడ్డ నామకరణం శ్రావణంలో చింతామణిలో ఘనంగా జరిగిందని బయటివాళ్ళ ద్వారా తెలిసింది. నయన అని పెట్టారట, మంచి పేరు. మాకు పిలుపు రాలేదు. కేసున్నవాళ్ళను శుభకార్యానికి పిలిస్తే బాగుండదని మీ అమ్మ అనుకుని ఉంటుంది. ఆయన మాత్రం బిడ్డకని వెండి మొలతాడు చేయించి బీరువాలో పెట్టారు.

నేను అడిగేది ఒక్కటే. వచ్చే గురువారం ఆ కమిటీ ముందు నిలబడి, చీటీలో ఉన్నది నిజమే, మాట నాకు అర్థం కాలేదు, తప్పు నాది అను. తెలియక చేసిన తప్పుకు నిన్నెవరూ ఉరి తీయరు. ఆయన వీధిలో తలెత్తి నడుస్తారు. ఆ ముద్దను కూడా ఎవరో ఒకరు వెతకడం మొదలుపెడతారు.

శృతికి, బిడ్డకు నా ఆశీస్సులు. ఇంటికి రావాలనిపిస్తే ఎవరినీ అడగనక్కర్లేదు, తలుపు తీసే ఉంటుంది.

ఇట్లు,
నీ మేలు కోరడం ఇంకా మానుకోని
పెద్దమ్మ సులోచనమ్మ.

తా.క. శనివారం. గురువారం సాయంత్రం కవరు అంటించబోతుంటే మీ చెల్లెలు అర్పిత నామకరణం వీడియో పంపింది. పాపం, పిలవలేదన్న బాధ దానికొక్కదానికే ఉన్నట్టుంది. మీ పెదనాన్న కళ్ళజోడు పెట్టుకుని సంబరంగా చూశారు. బిడ్డను చూశారు, నీ పట్టుపంచె చూశారు. తర్వాత పంక్తి భోజనాలు వచ్చాయి. భుజాన తువ్వాలు వేసుకుని నువ్వే వడ్డిస్తున్నావు. గంగాళంలో గరిటె పెట్టి చూసి, వంటశాల వైపు తిరిగి గట్టిగా అరిచావు: అమ్మా, పాయసం నిండుకుండాది, ఇంకో గంగాళం తెండి బిరీన అని.

నీ తెలుగుకు ఏమీ కాలేదు దర్శన్. చక్కగా ఉంది.

ఆయన ఆ ముక్క ఇంకోసారి పెట్టించుకుని చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేను పైన అడిగింది ఇక అడగను. తెలియనివాడికైతే నేర్పొచ్చు. జనవరిలో నిజం ఎక్కిస్తే గేటు పాసు మీద నీ సంతకం బయటపడుతుందని, రావలసిన మేనేజరు కుర్చీ రాదని నీకు ఆ చీటీ చదివిన నిమిషంలోనే తెలుసు.

నిన్న ఆయన జీతం లెక్క తేల్చే కాగితాల కోసం చిక్కబళ్ళాపురం కంపెనీ ఆఫీసుకు వెళ్ళాం. కిటికీ వెనక ఉన్న అమ్మాయి పాత కాగితం చూస్తూ కుటుంబ వివరాలు మళ్ళీ అడిగింది. భార్య పేరు చెప్పారు. పిల్లలు అంది. నేను అలవాటుగా సర్దిచెప్పడానికి నోరు తెరిచాను.

లేరమ్మా అన్నారు.

ఆ అమ్మాయి నీ పేరు మీద గీత కొట్టి ఆ మాటే రాసుకుంది. ఆ గడి నింపడానికి ఎంతసేపు పట్టిందని మీ కమిటీలో ఎవరైనా అడిగితే చెప్పు, ఎంతోసేపు పట్టలేదు.