గుంత మధ్యలో దిమ్మ

1958 ఏప్రిల్, శుక్రవారం
ప్రొద్దుటూరు, పెన్న ఒడ్డు

రోడ్డు కోసం మేం తవ్విన గ్రావెల్ గుంత పూడ్చడం ఈరోజుతో అయిపోయింది. చివరి బండి చెరువుమట్టి సాయంత్రం పోయించాను. తవ్విన లోతు కొలవడానికి గుంత మధ్యలో వదిలిన మట్టి దిమ్మ చుట్టూ నిండి, దాని నెత్తి నేలమట్టానికి కలిసింది. గుంత తవ్వింది కాసిం సాహెబు చేనులోనే; ఆ పాత నేలలో మేం ముట్టుకోనిది అదొక్కటే. పూడ్చినన్నాళ్లూ ఆయన రోజూ వచ్చి దానికి ఆనుకుని కూర్చునేవాడు. "అన్నం తింటివా సారూ?" అనేవాడు. ఈ ఊళ్లో నన్ను ఆ మాట అడిగేది ఆయనొక్కడే.

"చేను మీకు అప్పగించాం సాహెబుగారూ, ఇక దున్నుకోండి" అన్నాను. సంతోషిస్తాడనుకున్నాను. ఆయన చెప్పులు విడిచి, కొత్త మట్టిలో వెతుక్కుంటూ పోయి, ఆ దిమ్మ నెత్తిన నిలబడ్డాడు.

"ఈడ నిలబడితే నా చేన్లో ఉండా సారూ. ఒక్కడుగు పక్కకేస్తే ఎవురి చేన్లోనో ఉన్నెట్టుండాది."

లెక్కల పుస్తకం తీసి చూశాను. కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి, మరి...

చీకటి పడేదాకా అక్కడే నిలబడి వెళ్లిపోయాడు. ఎల్లుండి నేను గుడారం ఎత్తేసి లింగాల వెళ్లాలి. అక్కడ ఇంకో గుంత.

ఈరోజు అన్నం సంగతి ఆయన అడగలేదు. క్యారియర్ మూత ఇంకా తీయలేదు.