నాలుగు కిలోల ఈస్టర్ గుడ్డు

మంగళవారం

చాక్లెట్ దుకాణం యజమానురాలి సముఖానికి,

ముందుగా నేనెవరో చెప్పుకోవడం మర్యాద. ముప్ఫై నాలుగేళ్ళు తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసి పోయిన నెలలోనే రిటైరయ్యాను. ఈ ఊరి కొట్లలో నేను సరిచూడని తూకంరాయి లేదు. నేను వీధి మలుపు తిరగ్గానే చేపలమ్మే ఆవిడ త్రాసు మీంచి తన బొటనవేలు తీసేసేది. అలాంటి నన్ను మీ దుకాణం మోసం చేసింది.

సంగతేమిటంటే, మా ఇంటావిడకి మోకాలి ఆపరేషన్ అయింది. ఇంట్లో తిరగొచ్చు గానీ గుమ్మం దిగవద్దన్నాడు డాక్టరు. ఈస్టర్‌కేమో ఇద్దరు కూతుళ్ళు, ఇద్దరు అల్లుళ్ళు, నలుగురు మనవలు వస్తున్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఇంటి సరుకులు నేను తెచ్చింది లేదు. "ఈసారి బజారు పని నాకొదిలెయ్" అన్నాను. ఆవిడ నావైపు చూసి నవ్వు ఆపుకుంది. ఆపుకోకుండా నవ్వినా బాగుండేది.

పదిహేడు సరుకుల జాబితా రాసిచ్చింది. చిన్న స్ప్రింగు త్రాసు జేబులో వేసుకుని బయల్దేరాను. మైదా, వెన్న, పంచదార, బాదంపప్పు, ఎండుద్రాక్ష, బట్టల సబ్బు, అగ్గిపెట్టెలు, అన్నీ తూచి తెచ్చాను. చీపురు కూడా తూచాను. కోడిగుడ్లు ఒక్కొక్కటీ తూచి రెండు డజన్లు ఏరేసరికి కొట్టాయన నాకు కుర్చీ వేశాడు.

జాబితాలో ఆఖరిది "పెద్ద ఈస్టర్ గుడ్డు ఒకటి, ఎప్పుడూ తెచ్చే చాక్లెట్ దుకాణంలోనే". మీ దగ్గర కొన్నాను. ఇంటికొచ్చి కొలిచాను. ఎత్తు ఇరవై నాలుగు సెంటీమీటర్లు, అడ్డం పదహారు. లెక్క ప్రకారం అంత చాక్లెట్ నాలుగు కిలోల పైచిలుకు తూగాలి. తూగింది నాలుగు వందల పది గ్రాములు! వేలితో కొడితే డొల్లగా మోగింది. లోపలి సరుకు ఏమైంది? మీ దుకాణంలో ఎవరు తిన్నారు? పైన చిల్లయినా లేకుండా ఎలా తిన్నారు?

గుడ్డును సాక్ష్యంగా నా బీరువాలో పాత ఫైళ్ళ వెనక దాచి తాళం వేశాను. ఊరందరి తూకాలూ సరిచేసినవాడు మొదటి బజారులోనే డొల్లగుడ్డు తెచ్చాడని తెలిస్తే మా ఇంటావిడ ముందు తలెత్తుకోలేను. పన్నెండు రోజులుంది. ఈలోగా నిండు గుడ్డు ఇప్పించి నా పరువు కాపాడగలరు.

ఇట్లు,
తూకం తప్పని,
రిటైర్డ్ ఇన్‌స్పెక్టర్

తా.క.: మీ బల్లమీది తూకం మిషను మూడు గ్రాములు తక్కువ చూపుతోంది. నష్టం మీకే. అయినా చెప్పడం నా ధర్మం. జవాబు మా పాలాయన చేతికివ్వండి. ఆయన పాలు పలచన గానీ నోరు గట్టి, గుట్టు బయటపెట్టడు.

*

గురువారం

రిటైరయినా ఊరుకోని ఇన్‌స్పెక్టర్ గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి భయం వేసింది, రెండోసారి కోపం వచ్చింది, మూడోసారి నవ్వొచ్చింది. ఇప్పుడు మళ్ళీ కోపం వస్తోంది కాబట్టి ఆ ఊపులోనే రాస్తున్నాను.

అయ్యా, ఈస్టర్ గుడ్డు డొల్లగానే ఉంటుంది. కరిగిన చాక్లెట్ అచ్చులో పోసి, అచ్చును చేతుల్లో తిప్పుతూ అంతటా సమానంగా పట్టించి, మిగిలినదాన్ని వెనక్కి వంపేయాలి. ఎక్కువైతే ముద్దయి కూర్చుంటుంది, తక్కువైతే పట్టుకోగానే పగులుతుంది. ఆ మందం చేతికి రావడానికి నాకు తొమ్మిదేళ్ళు పట్టింది. నేర్పింది మా మామగారు, ఈ దుకాణం పెట్టినాయన. మొదటి రెండేళ్ళూ నేను పోసిన ప్రతి గుడ్డునీ దీపానికెదురుగా పెట్టి చూసి, ఒక్క మాటైనా అనకుండా మళ్ళీ గిన్నెలో పడేసి కరిగించేవారు. ఈ ఏడే దుకాణం నా చేతికిచ్చారు.

మీరు డొల్ల అని తిట్టిన గుడ్డు నేను ఇంతవరకూ పోసినవాటిలో అన్నిటికన్నా సమంగా వచ్చింది. అద్దాల బీరువాలో నడిమధ్య పెట్టుకుని వచ్చేపోయేవాళ్ళకి చూపించుకున్నాను. అమ్మడానికి మనసొప్పలేదు. మీరు త్రాసు పట్టుకుని కదలకుండా నిలబడితే ఇవ్వక తప్పలేదు.

మా దుకాణంలో ఎవరూ ఏమీ తినలేదు. అనుమానముంటే వచ్చి మమ్మల్ని కూడా తూచుకోండి.

ఇట్లు,
ఎవరి త్రాసుకీ బెదరని,
చాక్లెట్ దుకాణం యజమానురాలు

తా.క.: మిషను సరిచూయించాను. మూడు గ్రాములు కాదు, మూడున్నర. మీ త్రాసు కూడా ఒకసారి ఎవరికైనా చూపించుకోండి.

*

శుక్రవారం

మూడున్నర గ్రాముల యజమానురాలికి,

అర గ్రాము విషయంలో తప్పు ఒప్పుకుంటున్నాను. గుడ్డు విషయంలో ఒప్పుకోను.

మా ఇంటికి ముప్ఫై ఏళ్ళుగా ఈస్టర్ గుడ్డు మీ దుకాణం నుంచే వస్తోంది. ఏటా మా ఇంటావిడే తెచ్చేది. భోజనాలయ్యి, కేకూ పుడ్డింగూ కూడా అయ్యాక, గుడ్డు బల్లమీదికొస్తుంది. దాన్ని పగలగొట్టే హక్కు నాది. చెక్కగరిటెతో ఒక్కటి వేస్తే చాలు, లోపల్నుంచి బాదంపప్పు, ఎండుద్రాక్ష, రంగు కాగితాల్లో చుట్టిన బుల్లి చాక్లెట్లు బల్లంతా దొర్లుతాయి. పిల్లలు బల్లకింద దూరతారు. పోయినేడు పెద్దల్లుడు కూడా దూరాడు.

మీ మామగారి కాలంలో గుడ్డుకి నిండుతనం ఉండేది. మీ చేతికొచ్చిన మొదటి ఏడే లోపల గాలి మిగిలింది. దానికి మీరు పనితనం అని పేరు పెట్టారు. గాలిని కూడా చాక్లెట్ లెక్కన అమ్మేవాళ్ళని నా ఉద్యోగంలో చూడలేదు.

"గుడ్డు తెచ్చారా?" అని మా ఇంటావిడ అడుగుతోంది. "తెచ్చాను" అంటూ తాళంచెవి తడుముకుంటున్నాను. అల్లుళ్ళ ముందు గరిటె ఎత్తి కొట్టాక లోపల్నుంచి ఏమీ రాకపోతే నా గతేమిటో ఆలోచించండి.

ఇట్లు,
న్యాయం కోసం ఎదురుచూస్తూ,
రిటైర్డ్ ఇన్‌స్పెక్టర్

తా.క.: ఆవిడ కంటపడకుండా ఈ ఉత్తరాలు పెరట్లో కూర్చుని రాస్తున్నాను. రిటైరయ్యాక నేను కవిత్వంలో పడ్డానని పక్కింటి వడ్రంగి వీధంతా చెప్పాడు. నేను కాదనలేదు. మోసపోయాననేకన్నా అదే కాస్త గౌరవం.

*

సోమవారం

ఇన్‌స్పెక్టర్ గారికి, తల వంచుకుని రాస్తున్నది.

మీ ఉత్తరం మా మామగారికి చదివి వినిపించాను. ఆయనకి ఎనభై మూడేళ్ళు. వాలుకుర్చీలో కళ్ళు మూసుకుని విన్నారు. బాదంపప్పు దగ్గర కళ్ళు తెరిచారు. "మీ మామగారి కాలంలో" అన్నచోట లేచి కూర్చున్నారు. "అక్కణ్ణుంచి మళ్ళీ చదువు" అన్నారు.

"మామయ్యా, గుడ్డులో ఇవన్నీ మీరు నింపేవారా?" అని అడిగాను.

మీసం సవరించుకుని, "మరి? నింపకుండా ఎలా ఇస్తామమ్మా?" అన్నారు.

"నింపడం నేనెప్పుడూ చూడలేదే. ఎలా నింపేవారు?"

"అది చేతిలో ఉంటుంది. చెబితే వచ్చేది కాదు" అని మళ్ళీ కళ్ళు మూసుకున్నారు.

బాబాయిగారూ, మిమ్మల్ని అలా పిలవచ్చనుకుంటాను, తొమ్మిదేళ్ళు ఆయన పక్కన నిలబడి పనిచేశాను. గిన్నె తోమడం దగ్గర్నుంచి అన్నీ నేర్పారు. ఇదొక్కటీ నా దగ్గర దాచారు. ఆ పూట నాకు అన్నం సహించలేదు. సగం పనే వచ్చినదాన్నని తెలియక మీకు అంత పొగరుగా రాశాను. క్షమించండి.

ఆయన గుట్టు చెప్పరు కాబట్టి నాకు తెలిసిన దారిలో చేస్తాను. మీరు వేసిన లెక్కే లెక్క. అదే అచ్చులో పొరమీద పొర పోస్తూ, మధ్యమధ్య బాదంపప్పు, ఎండుద్రాక్ష వేసి, సందన్నది లేకుండా నింపుతాను. ఆరడానికే మూడు రోజులు పడుతుంది. శనివారం పొద్దున పాలబండి మీద వస్తుంది. మా దుకాణం పరువు ఇక మీ బల్లమీదే ఉంది.

ఇట్లు,
ఇంకా నేర్చుకోవాల్సిన,
చాక్లెట్ దుకాణం అమ్మాయి

తా.క.: మామగారు ఇప్పుడు దుకాణం ముందు కుర్చీ వేసుకుని వచ్చినవాళ్ళందరికీ తన కాలం నాటి గుడ్ల గురించి చెబుతున్నారు. పొద్దున బాదంపప్పుతో మొదలైంది. సాయంత్రానికి అందులో పిస్తా, అంజూరం కూడా చేరాయి.

*

శనివారం పొద్దున

అమ్మాయికి ఆశీస్సులతో,

గుడ్డు చేరింది. పాలాయనా నేనూ చెరో చెయ్యీ వేసి పసిపిల్లను దించినట్టు దించాం. వెంటనే తూచాను. నాలుగు కిలోల నూట ముప్ఫై గ్రాములు! ఇంత నిజాయితీ గల చాక్లెట్ నా జన్మలో చూడలేదు. ఆఫీసు ముద్ర తిరిగిచ్చేశాను కాబట్టి "సరిచూడబడినది" అని చేత్తోనే రాసి, సంతకం పెట్టి, కాగితం దీనితో జతచేస్తున్నాను. దుకాణంలో గోడకి పెట్టుకో.

సామాన్ల గదిలో గోనెపట్టా కప్పి దాచాను. రేపు మధ్యాహ్నం గరిటె ఎత్తేటప్పుడు అందరి ముఖాలూ ఎలా ఉంటాయో తలుచుకుంటే ఇప్పట్నుంచే ఛాతీ పొంగుతోంది.

ఇట్లు,
తలెత్తుకు తిరుగుతున్న,
మీ ఇన్‌స్పెక్టర్ బాబాయి

తా.క.: చిన్న సందేహం. పగలగొట్టడానికి గరిటె చాలుతుందంటావా? ఊరికే వేలితో కొట్టి చూశాను. గోరు నల్లబడింది.

*

శనివారం మధ్యాహ్నం

బాబాయిగారికి,

మీ సర్టిఫికెట్ గోడకి పెట్టాను. గరిటె సంగతి నాకూ తెలియదు. ఇలాంటి గుడ్డు చేయడం ఇదే మొదలు. మామగారిని అడిగితే "మా రోజుల్లో మనుషులు గట్టిగా ఉండేవారు" అన్నారు.

ఇట్లు,
కంగారుగా,
మీ అమ్మాయి

తా.క.: పిల్లల్ని కాస్త దూరంగా కూర్చోబెట్టండి.

*

మంగళవారం

అమ్మాయికి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని బాబాయి రాయునది.

మొదట గరిటె విరిగింది. తర్వాత పెద్దల్లుడు సుత్తి తెచ్చాడు. ఒక్క దెబ్బకి గుడ్డు దొర్లుకుంటూ వెళ్ళి, తినగా మిగిలిన పుడ్డింగులో పడింది. గుడ్డుకి ఏమీ కాలేదు. పుడ్డింగు మాత్రం అందరి బట్టలమీదా సమానంగా పడింది. చప్పుడుకి పక్కింటి వడ్రంగి పరిగెత్తుకొచ్చి, చిత్రిక పట్టి ఇస్తానన్నాడు.

"ఏమండీ, ఇదెక్కడిది?" అంది మా ఇంటావిడ.

నలుగురు మనవలు నావైపే చూస్తుంటే అబద్ధం నోటికి రాలేదు. డొల్లగుడ్డు, సాక్ష్యం, ఉత్తరాలు, అన్నీ చెప్పేశాను. ఈసారి ఆవిడ నవ్వు ఆపుకోలేదు. మోకాలు పట్టుకుని మరీ నవ్వింది. కళ్ళు తుడుచుకుంటూ పెద్దమ్మాయితో, "నాన్నగారి బీరువాలో పాత ఫైళ్ళ వెనకుంది, పట్రామ్మా" అంది. ఆ బీరువాకి రెండో తాళంచెవి ఉందని నాకు ఆ క్షణం దాకా తెలియదు.

నువ్వు పోసిన డొల్లగుడ్డే వచ్చింది. ఎత్తగానే చేతికి తేడా తెలిసింది. తూచాను. కిలో రెండు వందల నలభై!

అమ్మాయీ, ముప్ఫై ఏళ్ళుగా మా ఇంటావిడ చేస్తున్న పని ఇది. మీ దుకాణంలో ఖాళీ గుడ్డు తెచ్చి, కత్తి వేణ్ణీళ్ళలో ముంచి, నడుం దగ్గర చుట్టూ కోసి, లోపల అన్నీ నింపి, కరిగిన చాక్లెట్‌తో అతికేసేదట. ఈ ఏడు బీరువాలో కనిపిస్తే నేను చీమలకి భయపడి దాచాననుకుని, తీసి నింపి మళ్ళీ అక్కడే పెట్టేసింది. ఆ బాదంపప్పు నేను తూచి తెచ్చిందే!

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం?" అన్నాను.

"మొదటి ఏడు 'దుకాణం వాళ్ళు ఎంత బాగా నింపారో' అని మీరు వీధంతా చెప్పుకుని మురిసిపోయారు. ఆ ముచ్చట చెడగొట్టబుద్ధి కాలేదు" అంది.

తూకంరాయిలో సీసం కలిపినా పట్టుకున్నవాణ్ణి. నా ఇంట్లో, నా కళ్ళెదుట ఏటా గుడ్డు ఎనిమిది వందల గ్రాములు పెరుగుతుంటే పట్టుకోలేకపోయాను. సిగ్గుపడాల్సిందే, కానీ నాకు పట్టరాని గర్వంగా ఉంది. అతుకెక్కడుందో చూపించమని అల్లుళ్ళతో పందెం కట్టాను. ఇద్దరూ భూతద్దం పెట్టి వెతికినా దొరకలేదు.

ఇక నీ సంగతి. ఆవిడ ఏమందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "పాత గుడ్లు ఒకపక్క మందంగా, ఒకపక్క పలచగా ఉండి, ఎక్కడ పగులుతాయోనని ఊపిరి బిగబట్టి కోసేదాన్ని. ఈ ఏడుదానికి కత్తి ఎక్కడా తడబడలేదు. ఇంత సమంగా పోసిన గుడ్డు నేనెప్పుడూ చూడలేదు. ఆ అమ్మాయికి తప్పకుండా చెప్పండి." ముప్ఫై గుడ్లు కోసిన చేతి మాట ఇది. మీ మామగారు నీ దగ్గర ఏమీ దాచలేదు. ఆయనకి వచ్చిందంతా నీకొచ్చింది, ఇంకాస్త ఎక్కువే వచ్చింది. నా సర్టిఫికెట్ తీసేసి గోడకి ఈ ఉత్తరం పెట్టుకో.

ఇట్లు,
తప్పు తూచిన,
మీ బాబాయి

తా.క. ఒకటి: మామగారిని ఏమీ అనకు. ఎనభై మూడేళ్ళ వయసులో అంత పొగడ్త నడిచొచ్చి ఒళ్ళో పడితే నేనైనా నాదే అనేవాణ్ణి.

తా.క. రెండు: గుడ్డు పగలగానే అన్నిటితోపాటు ఒక మడతపెట్టిన కాగితం రాలింది. అలాంటిది ఏ ఏడూ లేదు. చిన్న మనవరాలు తీసి అందరి ముందూ గట్టిగా చదివింది: "పదిహేడు సరుకులూ నేను తెచ్చేవాటికన్నా బాగున్నాయి. నా మోకాలు నయమయ్యాక కూడా బజారుకి మీరే వెళ్ళండి." ముప్ఫై నాలుగేళ్ళ ఉద్యోగంలో నన్ను ఇంతగా మెచ్చుకున్నవాళ్ళు లేరు. కొత్త జాబితా పొద్దున్నే చేతికిచ్చింది. ఇరవై ఒక్క సరుకులు. ఇక ఉంటాను, త్రాసు తీసుకుని బయల్దేరాలి.