మూడుంపావు మీటర్ల కందకంలోకి మా నాన్న మళ్లీ దిగకుండా చూడవలసిందిగా

నిర్మాణ పనుల భద్రతా తనిఖీ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పైపుల కోసం తవ్విన కందకంలో పక్క గోడలకు ఆధారం లేకుండా మనుషులను దించుట – అందులో ఒకరు మా నాన్న అగుట – తమరు నేడే స్వయంగా వచ్చి చూచుట గురించి.

నేను సివిల్ డిప్లొమా రెండో ఏడు చదువుతున్నాను. సెలవులు కాబట్టి రోజూ మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని పనిచోటుకు వస్తున్నాను. మా నాన్న కందకం అడుగున పైపులు కలుపుతారు. మా మేనత్త అదే ముఠాలో మట్టి ఎత్తుతుంది. ఈ కింది అంశాలు నేను కళ్లారా చూసినవి, వేలితో తాకి చూసినవి. చివరిది మాత్రం ముందు చెవులారా విన్నది.

1. కందకం లోతు మూడు మీటర్లు. (ఈ అంకెపై అభ్యంతరం వచ్చింది. ఐదో అంశం చూడగలరు.) తమరికి సులువుగా తెలియడానికి మనవి చేస్తున్నాను: నాన్న అడుగున నిలబడి, ఆయన భుజాల మీద నేను నిలబడి, చెయ్యి పైకెత్తితే నా అరచెయ్యి మాత్రమే బయటి ఎండ చూస్తుంది. ఇంత లోతున గోడలకు చెక్క పలకలు ఆనించి, మధ్యలో అడ్డ దుంగలు బిగించాలి. ఇక్కడ గోడలను ఆపుతున్నది వాటి మంచితనం ఒక్కటే.

2. తవ్విన మట్టిని అంచుకు దూరంగా పోయాలని మా పాఠ్యపుస్తకం. ఇక్కడ అంచు మీదే పోశారు. నిచ్చెన ఒక్కటే, అదీ కందకం ఆ చివర. నాన్న ఉండేది ఈ చివర. మధ్యలో నలభై అడుగులు. మట్టి కూలడానికి లిప్తపాటు చాలు. (లిప్త అంటే రెప్ప వేసేంత సమయమని మొన్ననే తెలిసింది. ఇంత చిన్న మాటలో ఇంత భయం పడుతుందని అనుకోలేదు.)

3. రెండు రోజుల వానకు అంచు వెంట బీట పడింది. నిన్న అందులో నా చిటికెనవేలు పట్టింది. ఈ రోజు బొటనవేలు పట్టింది. మేస్త్రీ గారిని పిలిచి చూపించాను.

"మట్టన్నాక బీటలు పడవా అమ్మాయ్? మీ ఇంటి గోడకు లేవూ?" అన్నారు.

"ఉన్నాయండి. అందుకే ఆ గోడ పక్కన ఎవరం పడుకోం" అన్నాను.

"ఎండ ఎక్కువగా ఉంది, ఇంటికెళ్లు తల్లీ" అన్నారు. అప్పుడు మబ్బు పట్టి ఉంది.

4. ఇది అతి ముఖ్యమైనది. నా చేతిరాత బాగుంటుందని, భద్రతా పుస్తకంలో అంటించిన ఫోటోల కింద తేదీలు రాసిపెట్టమని మేస్త్రీ గారే అడిగారు. ఏడు కందకాలు, ఏడు ఫోటోలు. ప్రతి దాంట్లోనూ పలకలు నిటారుగా, బుద్ధిగా నిలబడి ఉన్నాయి. మూడో ఫోటో దగ్గర నాకు అనుమానం వచ్చింది. ఎడమవైపు పలక మీద ఆకుపచ్చ రంగు మరక, గుర్రం తలలా. నాలుగో ఫోటోలో అదే గుర్రం. ఏడో ఫోటోలోనూ అదే.

విచారించగా తెలిసినదేమనగా, ఈ సంస్థ దగ్గర ఉన్నవి నాలుగే పలకలు. కొత్త కందకం తవ్వగానే వాటిని దించుతారు, ఫోటో తీస్తారు, పైకి లాగేసి లారీ ఎక్కిస్తారు. దించేది, లాగేది మా నాన్నే. ఆ తర్వాతే ఆయన పనికి దిగుతారు.

"పలకలు ఫోటోలో ఉన్నాయిగా, ఇంకేం కావాలి నీకు?" అన్నారు మేస్త్రీ గారు.

మా అత్త తట్ట దించి, "ఫోటో చూసి భయపడ్డానికి మట్టికేమన్నా కళ్లున్నాయా మేస్త్రీ!" అంది.

5. ఇంతవరకు భోజనాల వేళ రాసి, సంతకాల కోసం ముఠాను పైకి పిలిచాను. ఐదుగురు వచ్చారు. నాన్న రాలేదు.

"నేను సంతకం పెట్టను. ఈ పని పోతే ఇంకో మేస్త్రీ పిలుస్తాడా? సిమెంటు కలిపి పెట్టాను, గట్టిపడిపోతుంది. నువ్వు చదువు, కిందికి వినిపిస్తుందిలే" అన్నారు.

బతిమాలాను. అత్త తిట్టింది. ఆయన కదల్లేదు. ఏం చేయాలో తోచక, కందకం వైపు తిరిగి గట్టిగా చదవడం మొదలుపెట్టాను: "కందకం లోతు మూడు మీటర్లు..."

"ఎంత?" అని కింద నుంచి కేక.

"మూడు మీటర్లు నాన్నా!"

"మూడుంపావు! పొద్దున నేనే కొలిచాను. కొలత తప్పు రాస్తే ఆఫీసరు నవ్వడూ? అంత చదువూ చదివి... ఆగు, అక్కడే ఆగు, వస్తున్నా!"

టేపు చేతపట్టుకుని, నలభై అడుగులూ సణుగుతూ నడిచి, నిచ్చెనెక్కి వచ్చారు. నా ముందు టేపు సాగదీసి, పావు మీటరంటే ఎంతో చూపిస్తుండగా వెనుక ఒక చప్పుడు వినబడింది. పెద్దదేమీ కాదు. ఎవరో బరువు దించుకుని నిట్టూర్చినట్టు.

బీట పడిన వైపు గోడంతా లోపలికి కూర్చుంది. సిమెంటు తట్ట లేదు, పైపు లేదు, నాన్న నిలబడిన చోటు లేదు.

నాన్న అంచుకు దూరంగా నిలబడి చాలాసేపు చూశారు. చివరికి, "ఇప్పుడు మీటరున్నర కూడా ఉండదు. అంకె మార్చు" అన్నారు.

అయ్యా, అంతే! అత్త నేల మీద కూలబడి నవ్వింది. ముఠా అంతా నవ్వింది. నాకు నవ్వు ఆగలేదు, ఏడుపూ ఆగలేదు, రెండూ కలిసి ఎక్కిళ్లు వచ్చాయి. అక్షరాలు అక్కడక్కడ వంకరపోవడానికి కారణం అదే. "నీ రాత సల్లగుండ కోడలా, కొలత తప్పు రాయబట్టే మీ నాన్న బతికాడు!" అని అత్త నన్ను ముద్దులతో మట్టి చేసింది. నాన్న సంతకం పెట్టారు. పెద్దగా, గీత కింద ఇంకో గీత గీసి.

అయితే పావుగంటకే మేస్త్రీ గారు నీళ్లు తాగి తేరుకుని, "సరే, అయిందేదో అయింది. మట్టి తోడేసి దిగండి, సాయంత్రానికల్లా పైపు పడాలి" అన్నారు. రెండో గోడ ఇంకా నిలబడే ఉంది. దాని అంచుకూ ఇప్పుడు బీట పడింది, అందులో నా పిడికిలి పడుతుంది.

కావున తమరు తక్షణమే విచ్చేసి, పలకలు బిగించేవరకు, రెండో నిచ్చెన పెట్టేవరకు, అంచు మీది మట్టి తీసేవరకు ఎవరినీ దించకుండా ఉత్తర్వులు ఇవ్వాలని, ఫోటోలను కాక పలకలను చేత్తో తట్టి చూడాలని ప్రార్థన. ఈ అర్జీ తెస్తున్నావిడ మా అత్త. ఆవిడ మోకాళ్లకున్న మట్టి ఆ గోడదే, సాక్ష్యంగా స్వీకరించగలరు.

చిత్తగించవలెను. చిత్తగించిన వెంటనే చెప్పులు వేసుకుని బయలుదేరవలెను.

తమ విధేయురాలు,
పైపులు కలిపే ఆయన కూతురు

తా.క.: అత్తను ఎక్కించుకెళ్లే బండి కోసం చూస్తున్నాం. ఈలోగా నాన్న కిందికి దిగుతానన్నప్పుడల్లా అర్జీ నకలు మళ్లీ చదువుతున్నాను. చదివిన ప్రతిసారీ కావాలనే ఒక కొలత తప్పు చెబుతున్నాను. ఆయన ఉండబట్టలేక టేపు తీసి, నన్ను కూర్చోబెట్టి సరిచేస్తున్నారు. తమరికి పంపుతున్న ప్రతిలో మొదటి అంశంలోది తప్ప కొలతలన్నీ సరైనవే. ఇప్పటికి మూడు తప్పులు వాడేశాను, తప్పు చెప్పడానికి ఇంకా నాలుగు కొలతలే మిగిలాయి. త్వరగా రండి సార్.