ఫ్యూజులో మగ్గం తీగ

బాపూ,

కరెంటు మెయిన్ స్విచ్చు ఆపి బడికి పోతున్న. సాయంత్రం వైర్‌మన్‌ను తోలుకొస్త, అప్పటిదాకా వెయ్యొద్దు. ఈ పూట మరమగ్గాలు ఆగితే ఆగనీ.

చలికాలం నీళ్ల హీటరు, మగ్గాలు ఒక్కసారే నడిపితే ఫ్యూజు పోతుందని ఎంత మొత్తుకున్నా వినవు. పోయిన ఫ్యూజులో సన్న తీగకు బదులు మగ్గం లావు తీగ ముక్క పెట్టినవు. పైగా దేవదాస్ మామతోని "ఇగ జన్మల పోదు" అని గొప్పలు! అది పోకుంటేనే ఇల్లు అంటుకుంటది బాపూ. డిగ్రీ దాకా చదివించి టీచరమ్మను చేస్తివి, చదివింది చెప్తే మాత్రం చెవిన పెట్టవు.

పొద్దున అవ్వ ఫ్యూజుల బోర్డు కింది గోడకు వీపు ఆనించి కూర్చున్నది. "గీడ మంచిగ ఎచ్చగున్నది, జర నువ్వు గూడ కూసో బిడ్డా" అన్నది. చెయ్యి పెట్టి చూస్తే లోపలి వైర్ల వేడికి గోడ కాలుతున్నది.

రాజమణి

"గోడ సల్లవడ్డది, జర స్విచ్చెయ్యి" అని అవ్వ అడుగుతది. వెయ్యకు. నా శాలువ కప్పు.