కామాలతో సహా

శారదక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇక్కడ దోహాలో మన తెలుగువాళ్ల సంఘం ఉగాది సంచికకి ప్రూఫులు నేనే చూస్తున్నాను. ప్రెస్సులో మనం చేసినట్టే, ఒకరు పైకి చదవాలి, ఒకరు దిద్దాలి. రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో డ్యూటీ నుంచి వచ్చిన మా ఆయన్ని చదవడానికి కూర్చోబెట్టాను.

"కామాలు కూడా పలకండి" అంటే నవ్వారు. రెండో పేజీకల్లా "కామా", "ఫుల్‌స్టాప్" అంటూ జోరందుకున్నారు. ఒక వాక్యం చివర చుక్క లేకపోతే ఎర్రపెన్నుతో పెట్టాను. ఎంత హాయిగా ఉందో! ఆ హాయి నువ్విచ్చిందే అక్కా.

అయ్యాక, నువ్వు నాకిచ్చినట్టే, చదివిన గొంతుకి ముందు టీ ఇచ్చాను.

"ఇదంతా ఎవరు నేర్పారు నీకు?" అన్నారు.

"మా శారదక్క" అన్నాను.

ఇంకా చదివే ఊపులోనే ఉన్నారేమో, టీ ఊదుకుంటూ "కామా" అన్నారు.