అందినట్టు సంతకం

మంగళవారం, రాత్రి

అన్నం సహించలేదు. నా మీద నాకే రోత పుడుతోంది.

వేటపాలెం వైపు సెల్ టవర్లు చూసే టెక్నీషియన్ శ్రీను పొద్దున్నే బండి మీద నల్లపాడులో మా గోడౌన్‌కి వచ్చాడు. అక్కడ ఓ టవర్ చెడిపోయి నాలుగు రోజులైంది. జీడిపప్పు పనికెళ్లే ఆడవాళ్లు ఫోన్ మాట్లాడాలంటే రైలు గేటు దాకా నడుస్తున్నారట. దానికి కావలసిన, సిగ్నల్ పంపే రేడియో పెట్టె సీలు కూడా తీయకుండా మా దగ్గరే ఉంది.

"అది మీకు అందేసినట్టు సిస్టంలో ఉందండి," అన్నాను.

శ్రీను పెట్టె మీద చెయ్యేసి, "మరి ఇదేంటండీ?" అన్నాడు.

నెలాఖరుకి టార్గెట్ కోసం, కదలని సరుకుని కూడా అందినట్టు చూపించడం మాకు అలవాటే. ఒకసారి బయటికి వెళ్లినట్టు రాసిన పెట్టెకి మళ్లీ గేట్ పాస్ రాదు. మేనేజర్‌కి ఫోన్ చేస్తే, "కొత్తది కావాలని ఇండెంట్ రాసి పెట్టుకోమను," అన్నాడు. ఛీ!

"అయితే అందినట్టు నా సంతకం ఎవరు పెట్టారండీ?" అని అడిగాడు శ్రీను.

తెలీదన్నాను.

"పోన్లెండి, మధ్యలో మీరేం చేస్తారు," అని నన్నే ఓదార్చి, ఖాళీ బండితో వెళ్లిపోయాడు.

ఆ 'శ్రీ' మెలిక కుదిరేదాకా చిత్తు కాగితం మీద రాసి చూసుకుని మరీ పెట్టాను.