నలభై ముగ్గురు వేటకెళ్ళారు

ఉమ్ సదఫ్ దీవి పెద్ద ఖల్ఫాన్ గారికి సలాములు.

వచ్చే నెల దేశమంతటా ఎన్నికలు. మీ దీవిలో ఒక్క ఇంట్లోనే దీపం వెలుగుతోందని పడవవాళ్ళు అంటున్నారు. ఓటర్లు ముప్ఫైమంది కంటే తగ్గితే మీకు ఓటు పెట్టె రాదు, సభలో సభ్యుడూ ఉండడు. ఎంతమంది ఉన్నారో రాయండి.

ఇట్లు,
రుమైసా, ఎన్నికల గుమస్తా, రాజధాని

తా.క.: సరైన లెక్క రాయండి. పోయినసారి ఒక దీవివాళ్ళు మేకల్ని కూడా కలిపేశారు.

*

గుమస్తా అమ్మాయికి దీవెనలు.

నలభై నలుగురం. నేను ఇంట్లో ఉన్నాను. మిగతా నలభై ముగ్గురూ ముత్యాల వేటకెళ్ళారు. ఇంకా తిరిగి రాలేదు.

ఇట్లు,
ఖల్ఫాన్

తా.క.: మేకలు రెండున్నాయి. వాటికి రాజకీయాలు గిట్టవు.

*

ఖల్ఫాన్ గారికి,

మీ ఉత్తరం చూసి ఆఫీసంతా హడలిపోయాం. ముత్యాల వేట ఏనాడో ఆగిపోయింది కదండీ! నలభై ముగ్గురు తప్పిపోయారని తీరరక్షక దళానికి కబురు పెట్టాం. మూడు రోజులు సముద్రం గాలించారు. వాళ్ళు బయల్దేరి ఎన్నాళ్ళయింది?

కంగారుతో,
రుమైసా

తా.క.: ఒక తాబేలు మాత్రం దొరికింది. మీదేనా?

*

అమ్మాయీ, దీవెనలు.

ముప్ఫై ఒక్క ఏళ్ళయింది. వెతకమని నేనడిగానా?

ఆ ఏడు చెవిపోటుతో నేనొక్కణ్ణే ఒడ్డున ఉండిపోయాను. అరవైమంది వెళ్ళారు. ముత్యాలు దొరక్క అటునుంచి అటే రాజధానికెళ్ళి పనుల్లో కుదురుకున్నారు, ఆనక ఇల్లాళ్ళనీ పిల్లలనీ పిలిపించుకున్నారు. మా దగ్గర నావ పెద్ద ఒడ్డున డోలు కొడితేనే వేట ముగిసినట్టు. మా నావ పెద్ద మర్హూన్ ఆ డోలు కొట్టకుండానే అక్కడ కన్నుమూశాడు. కాబట్టి వాళ్ళు వేటలోనే ఉన్నారు. పోయినవాళ్ళ కబురు అందినప్పుడల్లా ఏడ్చుకుంటూ పేరు కొట్టేశాను. మిగిలిన పేర్లు జతచేస్తున్నాను.

ఎన్నికలంటే అప్పుడు చూడాలమ్మా! పెట్టెని నెత్తిన పెట్టుకుని పాటలు పాడుతూ ఊరేగించేవాళ్ళం. ఓడినవాడి ఇంట్లోనే అందరికీ కాఫీ. ఆ పెట్టె కూడా రాకపోతే ఇక్కడొక ఊరుండేదని ఎవరికి తెలుస్తుంది? నాకు భయంగా ఉంది.

ఇట్లు,
ఖల్ఫాన్

తా.క.: తాబేలు నాది కాదు. కానీ బాగుందా?

*

ఖల్ఫాన్ పెదనాన్నకి,

జాబితాలో ఏడో పేరు, జుమైల్, మా నాన్నది. తన ఊరి పేరు మాకెప్పుడూ చెప్పలేదు. చదివి వినిపిస్తే జాబితా లాక్కుని తనే మళ్ళీ చదువుకున్నాడు. ఆ తర్వాత, "ఆ ఖల్ఫాన్ గాడు బతికే ఉన్నాడా? మునిగేటప్పుడు పెట్టుకునే నా ముక్కు బిగింపు తీసుకుని ఇవ్వనేలేదు వెధవ!" అని కళ్ళు తుడుచుకున్నాడు.

వేటలో ఉన్నవాడి ఓటు సొంత దీవిలోనే అని చట్టంలో ఉంది. మా అధికారి దాన్ని మూడుసార్లు తిరగేసి, తల పట్టుకుని సంతకం పెట్టారు. పెట్టె తెస్తున్నాం. మనుషులు మాత్రం స్వయంగా రావాలి. మిగతావాళ్ళని పోగుచేయడానికి నాన్న చొక్కా తొడుక్కుని బయల్దేరాడు.

ఇట్లు,
రుమైసా

తా.క.: ఓట్లు పడేదాకా డోలు ముట్టుకోకండి. వేట ముగిస్తే చట్టం ఒప్పుకోదు.

*

రుమైసాకి దీవెనలు.

నలభై ముగ్గురూ దిగారు! నువ్వు చూశావుగా, కర్రలు పట్టుకునైనా దిగారు. ఆఖరి ఓటు పడ్డాక డోలు నేనే కొట్టాను. ముసలాళ్ళందరూ ఇసుకలో కూలబడి చిన్నపిల్లల్లా ఏడ్చారు. నేనూ ఏడ్చాను. అంత సంతోషం మళ్ళీ చూస్తాననుకోలేదు.

ఇట్లు,
ఖల్ఫాన్

తా.క.: పోటీచేసిన ఇద్దరూ దద్దమ్మలే. నేను కళ్ళు మూసుకుని ఒకడి గుర్తు మీద వేలిముద్ర వేశాను.

*

పెదనాన్నకి సలాములు.

ఫలితం వచ్చింది. మొత్తం నలభై నాలుగు ఓట్లు. అందులో నలభై మూడు చెల్లలేదు. ఆ చీటీలన్నింటి మీదా ఇద్దరు అభ్యర్థుల్నీ వదిలేసి మీ పేరే రాశారు. ఓటు చెల్లకపోయినా మనిషి వచ్చినట్టే లెక్క. మీ పెట్టెకొచ్చిన భయమేమీ లేదు.

చెల్లిన ఓటు మీదొక్కటే. గాలం గుర్తాయన ఒక్క ఓటు ఆధిక్యంతో గెలిచారు.

మీ కూతురులాంటి,
రుమైసా

తా.క.: గెలిచినాయన తనకి ఓటేసిన ప్రజలందరికీ స్వయంగా కృతజ్ఞతలు చెప్పుకోడానికి గురువారం బాజాభజంత్రీలతో మీ దీవికొస్తున్నారు. దయచేసి ఇంట్లో ఉండండి.